బొట్టు పెట్టిన కార్డు

బాగా పనిచేస్తున్న నా గ్రాఫిక్స్ కార్డును పనికిరాదని పక్కన పెట్టేశారు. అది కాలలేదు, విరగలేదు, దాని ఫ్యాను ఇప్పటికీ చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. పాత కంప్యూటరులో బ్యాంకు పనులు సాగడం లేదని మా అల్లుడు మంచికే కొత్త ఆపరేటింగ్ సిస్టం వేసి పోయాడు. వేయగానే ఆ సిస్టం ఈ కార్డు ఎవరో నాకు తెలియదన్నట్టు ముఖం తిప్పుకుంది. తెర మీద అక్షరాలు చింతగింజలంత లావై, మసకబారి, పక్కలకు సాగిపోయి కూర్చున్నాయి.

సరే, లావు అక్షరాలు నా కళ్లకు మేలే అనుకొని ఊరుకునేవాణ్ణి. కానీ ఆ వారమే న్యాల్‌కల్ దిక్కు నుంచి ఒక రైతు కొత్త ట్రాక్టరు తోలుకొచ్చి మా దుకాణం ముందు ఆపాడు. మాది జహీరాబాద్‌లో రేడియం స్టిక్కర్ల దుకాణం. మా దగ్గర పాత బండి మీది బొమ్మే కొత్త బండి మీదికి రావాలి, ఇంటిదేవుణ్ణి కొత్తింటికి తీసుకుపోయినట్టు. "అన్నా, వదినె గీసిన నెమలి ఉండె గద, గదే గావాలె. అది లేంది బండి చేన్ల దించొద్దని మా అమ్మ పట్టుబట్టింది" అన్నాడు. పాత బండి బీదర్ వైపు అమ్ముడుపోయింది, కొన్నవాళ్లు నెమలిని గీకేసి తమ దేవుణ్ణి అంటించుకున్నారట. వదినె అంటే మా ఇంటామె. ఆమె ఇప్పుడు లేదు. రెండు రోజుల్లో ఇస్తానని నేను మాటిచ్చేశాను.

మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు బొంబాయి రోడ్డు మీద పోయే లారీల వెనక అక్షరాలన్నీ కుంచెతో రాసినవే. ఏడో తరగతితో బడి మానిన నాకు ఆ లారీలే బడి. ఏ రాష్ట్రం బండి ఆగితే ఆ భాష అక్షరాలు చూసి రాసి నేర్చుకున్నాను. తరవాత రేడియం వచ్చింది, కుంచె మూలకు పడింది. కంప్యూటరు నేర్పమని పోతే, "ఏం చదివినవ్ పెద్దమనిషీ" అని అడిగి, చెప్పాక ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్విన వాళ్లను నేను ఇంతవరకు మరిచిపోలేదు, మరిచిపోను. నిఘంటువు పక్కన పెట్టుకొని నేనే నేర్చుకున్నాను. ఆ కార్డును హైదరాబాదులో కొని, తువ్వాలలో చుట్టి, బస్సు కుదుపులకు దెబ్బ తగలకుండా ఒళ్లో పెట్టుకొని తెచ్చాను.

నేర్చుకున్నది నేను, గీసింది మాత్రం ఆమె. ముగ్గులు వేసిన చేయి కదా, మౌసు పట్టుకుంటే గీత ఎక్కడా వణికేది కాదు. ఆమె నెమలి పురిలో ఈకలుండవు, అల్లం ఆకులుంటాయి; మా చుట్టుపక్కల చేలల్లో ఆమె చూసింది అవే. కాగితం మీద ఏనాడూ వేయలేదు, నేరుగా తెర మీదే గీసేది, స్టిక్కరు కోసే మిషను అట్లాగే కోసేది.

దసరా నాడు కత్తెరకు, కోసే మిషనుకు బొట్లు పెట్టి, కంప్యూటరు పక్క రేకు విప్పమనేది. కరెంటు సామాను జాగ్రత్త అని నేను గొణిగితే, "బొమ్మ సూపెట్టేది ఇదే గద, దీన్ని ఇడిశిపెట్టి పై డబ్బకు బొట్టు వెడ్తే ఏమొస్తది" అని కార్డు పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద పొడి పసుపు, కుంకుమ అద్దేది. "నీకు సుత వెడ్త ఆగు, నువ్వు గూడ పాత సామానే" అని నా నుదుటికీ వచ్చేది. ఏటేటా బొట్టు మీద బొట్టు, అట్లాగే ఉంది.

ఇప్పుడు ఆమె బొమ్మల ప్రోగ్రాము ఈ కార్డు లేనిదే తెరుచుకోదు. కార్డును సిస్టంకు పరిచయం చేసే డ్రైవరు అనే చిన్న ప్రోగ్రామును కొత్త సిస్టం కోసం కార్డు కంపెనీవాళ్లు తయారు చేయలేదు. ఎక్కడెక్కడో వెతికి పాతది తెచ్చి ఎక్కిస్తే, దాని మీద మా సంతకం లేదు పొమ్మంది సిస్టం. బలవంతాన ఎక్కిస్తే తెర నల్లబడి, వెలిగి, ప్రోగ్రాము పేరు కూడా కనిపించి, మళ్లీ నల్లబడింది. పాత సిస్టమే వేద్దామంటే దాని తాళం తీసే దారిని ఆ సిస్టం చేసినవాళ్లే మూసేశారు. ఆ రకం ఫైలు ఇప్పుడెవ్వరూ తెరవరని హైదరాబాదు దుకాణాలవాళ్లు చేతులెత్తేశారు. చివరికి నెమలిని కాగితం మీద నేనే గీశాను. రైతు చాలాసేపు చూసి, "కోడిపుంజు మంచిగనే ఉన్నది గని అన్నా, మా అమ్మ ఒప్పదు" అన్నాడు. అతని బండి ఇంకా పట్టా కప్పుకొనే ఉంది.

కార్డు కంపెనీకి రాశాను, మళ్లీ రాశాను. కార్డు ఫొటో పంపమన్నారు. బయటికి తీసి ఎండలో పెట్టి తీశాను. తుడిచి తీయాల్సిందేమో, చేయి రాలేదు.

మన కాలంలో వస్తువు అరిగిపోతే పోయేది, అరగకపోతే ఉండేది. విరిగిన ముక్కను లేతు మీద తిప్పి అతికించే మనిషి ఏ సందులోనో దొరికేవాడు. ఇప్పుడు ఎక్కడో కూర్చున్నవాడు దీని ఆయువు తీరిందంటే తీరినట్టే, తిరుగుతున్న ఫ్యాను సాక్ష్యం కూడా చెల్లదు. ఆ డబ్బాలో నెమలి ఉంది, అల్లం ఆకులతో సహా ఉంది, నేను చూడలేను. మొన్న వాళ్ల జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఉన్నట్టే తెలుగులో పెడుతున్నాను:

"మీరు పంపిన ఫొటోలో కార్డు మీద పసుపు, ఎరుపు రంగుల మలినం పేరుకొని ఉన్నట్టు గమనించాం. వాడుకదారు అజాగ్రత్త వల్ల మలినమైన పరికరాలకు మేము సహాయం చేయలేము. దయచేసి దాన్ని దగ్గరలోని ఎలక్ట్రానిక్ చెత్త కేంద్రంలో అప్పగించండి. మీ సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేస్తున్నాం."