చలిగదిలో ఒక గంట

గురజాల దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగంలో చేరి వారమే అయింది. ఊళ్లో నాకు ఒక్కరూ తెలియదు. చలిగదిలో ఉష్ణోగ్రతను నమోదు చేసే డేటా లాగర్‌ని ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేయడానికి లోపలికెళ్లా. కేబుల్ పెడుతుంటే వెనక తలుపు ధడాలున పడింది. లోపలి గడియ పనిచేయదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. అరిచి అరిచి, చివరికి లాగర్‌ని ఆనుకుని ముడుచుకు కూచున్నా.

గంట తర్వాత మిర్చి టిక్కీ బస్తాలు మోసుకొచ్చిన హమాలీ బాబాయ్ తలుపు తీసి అదిరిపడ్డాడు. "నువ్వు లోపలున్నావా అమ్మాయ్! చలి పోద్దని అలవాటుగా నేనే తలుపేశా."

డేటా తీసి మేనేజర్‌కి చూపించా. అంతసేపు ఎక్కడున్నావని ఆయన అడగలా. గ్రాఫ్‌లో కాస్త పైకి లేచిన గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ వేడి పెరిగిందేంది?" అన్నాడు.

"అది నేనే సార్" అన్నా.

ఆ గంటసేపు నేనున్నానని రాసుకున్నది ఆ లాగర్ డబ్బా ఒక్కటే.