ల్యాబుకు తీసిన కుప్ప

"చేపల సమాచారమంతా నెట్లో పెట్టేశాం కదమ్మా, ఎవరైనా చూసుకోవచ్చు," అన్నారు మా సారు. అందులో అబద్ధం లేదు. అందుకే నాకు కోపం కూడా సరిగ్గా రాలేదు. ఒళ్లంతా అలసటే.

కరీంనగర్ ల్యాబులో నాది కాంట్రాక్టు కొలువు. చేప రెక్క అంచు గోరంత కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసి, చీటీ అంటించడం నా పని. మూడేళ్ల కింద చుట్టుపక్కల చెరువుల్లో చేపలన్నిటికీ పుండ్లు పడ్డాయి. మా ఊరి చెరువులోని కొర్రమట్ట చేపలు మాత్రం నున్నగా ఉన్నాయి. వాటి జన్యువుల్లో ఏముందో చూడాలని సార్లు వచ్చారు. మా బాపుతో, ఆయనతో కలిసి వల లాగేవాళ్లతో కాగితాల మీద వేలిముద్రలు వేయించింది నేనే. "ఏం తేలినా ముందుగాల మీకే చెప్తం" అన్నదీ నేనే. ఆ మాట కాగితంలో ఉందో లేదో చదవనే లేదు. చదువుకున్నదాన్ని, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఈ ఎండాకాలం మా చెరువు చేపలకూ పుండ్లొచ్చాయి. మా చేపల సమాచారంతో ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ మందు చేస్తోందట. నెట్లో ఆ సమాచారం నేనూ తెరిచి చూశాను. పేజీల కొద్దీ నాలుగు ఇంగ్లీషు అక్షరాలే తిరగేసి మరగేసి ఉన్నాయి. చెరువుకు ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. నడిసముద్రపు జీవుల సమాచారంతో వచ్చే లాభంలో అన్ని దేశాలకూ వంతుండాలని ఒప్పందం అయిందని సారే ఒకసారి చెప్పారు. మరి చెరువుకో అని అడిగితే, "అది వేరే ఫైలమ్మా" అన్నారు.

ఆదివారం పొద్దున ఊరికి పోయాను. కట్ట మీద చేపలు పంచుతున్నారు. పుండ్లవి పారేయగా మిగిలినవి ఆరు చిన్న కుప్పలు. బాపు వీపు తిప్పి నిలబడ్డాడు. బాపు తమ్ముడు, మా కాక, ఒక్కో కుప్ప మీద చెయ్యి పెట్టి "గిదెవలికి?" అంటే, బాపు చూడకుండా పేరు చెప్తాడు. అట్లయితే ఎవరికీ తగాదా ఉండదు.

"బాపూ, ల్యాబు నుంచి ఏం రాదు. మందేందో నాకూ తెల్వది," అన్నాను.

ఆయన అటే తిరిగి పేర్లు చెప్తూనే ఉన్నాడు. చివరి కుప్ప ఎప్పుడూ ల్యాబుకే. మూడేళ్లుగా నేనే మోసుకుపోయి సార్లకు ఇస్తున్నాను.

"గిదెవలికి?"

"ల్యాబుకు."

కాక ఈసారి ఆ కుప్ప మీంచి చెయ్యి తియ్యలేదు. "మాటిచ్చింది సార్లు గాదు. నువ్వు, బిడ్డా," అన్నాడు నాతో.

పంపకం మధ్యలో ఎన్నడూ తిరగని బాపు, తిరిగి నన్ను చూశాడు.