సూదిమందు గెలుపు

రోత పుడితే మనీషా ముఖంలో దాగదు. ముక్కుపుటాలు బిగుసుకుంటాయి, కింది పెదవి ఒక పక్కకు పోతుంది. "నీకు నటించుడు రాదు బిడ్డా, గందుకే పైకి రాలె" అంటుంది తల్లి ఎస్తేరమ్మ.

ఎస్తేరమ్మ కాలువ పనులకు ఊరూరా వలస తిరిగిన మనిషి. పనిచోట తవ్విన గుంతల్లో వాననీళ్లు నిలిస్తే మనీషా అందులోనే ఈత నేర్చుకుంది. వనపర్తిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు పరుగు పట్టుకుంది. సైకిల్ తొక్కడం మాత్రం మేనమామ పాలక్యాన్లు మోసే బండి మీదే వచ్చింది. ఈత, సైకిల్, పరుగు మూడూ ఒకదాని వెనుక ఒకటి ఆగకుండా చేసే ట్రయథ్లాన్ అనే ఆట ఉందని కాలేజీలో చెబితే, "మూడూ నాకొచ్చినయే గద" అని నవ్వేసింది. రెండేళ్లకే రాష్ట్ర జట్టులోకి వెళ్లింది.

అక్కడి క్యాంపులో పక్క మంచం శ్రుతిది. ఆ పిల్లకు కోచ్ బలం మందని చెప్పి సూదులు వేయించేవాడు. ఏడాది తిరక్కముందే శ్రుతికి నెలసరి ఆగిపోయింది. తలుపేసుకుని గడ్డం గీసుకునేది. ఆ కోచ్‌కు సన్మానం, అందరూ వచ్చి కాళ్లకు దండం పెట్టాలి అన్న రోజున మనీషా సంచి సర్దుకుని బస్సెక్కింది. ఎందుకు మానేశావని అడిగిన వాళ్లకు మోకాలి నొప్పి అని సాకు చెప్పలేదు. "రోతయ్యింది" అంది.

ఇప్పుడామె వీపనగండ్లలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. పొద్దున్నే చెరువు దగ్గర పిల్లలకు శిక్షణ ఇస్తుంది. ఆమె పద్ధతి కొందరు తల్లిదండ్రులకు నచ్చదు. మొదటి నెలల్లో గడియారం చూడనివ్వదు. పక్కవాడితో ముచ్చటపెట్టలేనంత ఆయాసం వస్తే వేగం తగ్గించమంటుంది. సైకిల్ దిగీ దిగగానే పరుగెత్తిస్తుంది. కాళ్లు రాళ్లయ్యాయని ఏడిస్తే, "ఏడ్సుకుంటనే ఉరుకు, జర సేపైతే అవే ఇడుస్తయ్" అంటుంది.

డిగ్రీ చదువుతున్న వర్ష ఆమె దగ్గరకు ఆత్మకూరు నుంచి వచ్చేది. తండ్రి జగదీశ్‌కు అక్కడ ఎరువుల దుకాణం ఉంది. పిల్లది మంచి ఈత. అయితే ఆ ఎండాకాలం ఉన్నట్టుండి సైకిల్ మీద గాలిలా పోవడం మొదలుపెట్టింది. వీపు నిండా మొటిమలు లేచాయి. ఊరికే కసురుకునేది. మనీషాకు అనుమానం వచ్చింది కానీ, కన్నతండ్రి ఉండగా అలా ఎందుకు జరుగుతుందిలే అనుకుంది.

ఒకరోజు వర్ష సైకిల్ సీటు మీద కూర్చోలేక దిగిపోయింది. గదిలోకి తీసుకెళ్లి చూస్తే తొడ పక్కన నిమ్మకాయంత గడ్డ, కొన పచ్చగా మెరుస్తోంది. చుట్టూ పాత సూది పోట్లు.

"గివేంది వర్షా?"

"విటమిన్ సూదులక్కా. నాయినే ఏస్తడు."

దవాఖానలో గడ్డ కోస్తే గది నిండా కంపు కొట్టింది. మనీషా ముక్కు మూసుకోకుండా పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడింది. బయటికి వచ్చేసరికి జగదీశ్ వరండా మూల గుట్కా ఉమ్మి మూతి తుడుచుకుంటున్నాడు.

"తప్పు నాదే మేడం" అన్నాడు.

మనీషా ఒక్క క్షణం మెత్తబడింది.

"నాకు చెయ్యి కుదర్లే. బర్లకు ఏసిన అలవాటు గద. ఇగ మీరే ఏయుండ్రి, సక్కగ పడ్తది."

మనీషా కింది పెదవి ఒక పక్కకు పోయింది. "అది నీ బిడ్డన్నా. బర్రెకు గూడ గిట్ల పొడువరు."

"అందరు తీస్కుంటుండ్రు మేడం. మనం మడి కట్టుకోని కూసుంటె మెడల్ వస్తదా?"

జిల్లా క్రీడా సంఘం పెద్ద సుదర్శన్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన పుల్లతో పళ్లు కుట్టుకుంటూ విన్నాడు. "మన జిల్లాకు మొదటిసారి పేరొస్తుంది. గిప్పుడు నువ్వు బయటపెడ్తె పిల్ల బతుకు ఆగమైతదమ్మా" అన్నాడు. పిల్ల పేరు చెప్పి పిల్లనే అమ్ముకుంటున్నాడు. పుల్ల మీద ఊడివచ్చిన మెతుకు చూసి మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. మనీషా లేచి వచ్చేసింది.

గాయం మానగానే వర్షను ఇంకో కోచ్‌తో రాష్ట్ర పోటీలకు పంపారు. గెలిచింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. మెడల్‌తో వర్ష, చేతులు జోడించిన జగదీశ్, వాళ్ల పక్కనే "ఈ విజయానికి మూలం మా కోచ్" అని, ఆమె నోరు కట్టేయడానికన్నట్టు, మనీషా నవ్వు ముఖం.

మనీషా పక్క దుకాణంలో బ్లేడు అడిగి తెచ్చి, కర్రల మీదికెక్కి తన ముఖం కోసేసింది. జనం మూగారు.

"ఏం చేస్తుండ్రు మేడం?"

"నా మొఖం నేను తీస్కపోతున్న."

ఆ తర్వాత సంఘం ఆమెను పక్కన పెట్టింది. పిచ్చిదన్నారు. చెరువుకు వచ్చే పిల్లలు సగం మంది మానేశారు. మిగిలినవాళ్లతోనే ఆమె పని సాగింది.

వానాకాలం మొదట్లో వర్ష ఒక్కతే బస్సు దిగి మనీషా ఇంటికొచ్చింది. "అక్కా" అని పిలిస్తే లోపలున్న ఎస్తేరమ్మ, ఎవరో మొగపిలగాడు వచ్చాడనుకుంది. ఆ పిల్ల వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. మనీషా శ్రుతి సంగతి మొత్తం చెప్పింది.

"నా గొంతు మళ్ల ఎన్కటి లెక్కయితదా అక్కా?"

అవుతుందని చెబితే పిల్ల అప్పటికి ఊరుకునేది. మనీషా నోటికి ఆ మాట రాలేదు. "తెల్వదు బిడ్డా. డాక్టరమ్మను అడుగుదాం, నడువు."

వనపర్తిలో ఆడ డాక్టరు పరీక్షలన్నీ రాసి, కళ్లజోడు తీసి అడిగింది. "ఈ సూదులు ఎవరేశారమ్మా?"

మనీషా ఏదో చెప్పబోయింది. వర్ష ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"మా నాయిన" అంది బొంగురు గొంతుతో. "ఎవలి ముంగటనైనా చెప్త. రాసుకోండ్రి."