నీళ్ళు గీసిన గీత

“దీన్ని గీత అంటావా? నా చొక్కా కాలరు మీద ఇంతకంటే ముదురు గీత ఉంటుంది!”

“అది నీళ్ళు గీసిన గీత సార్. నేను గీసింది కాదు.”

“నువ్వు గీశావని నేననలేదే! ఎందుకంత ఉలుకు?”

కింది గదిలో జరుగుతున్న ఆ గొడవ మెట్ల మీద కూర్చున్న కుర్రాడికి మాట పొల్లు పోకుండా వినిపిస్తోంది. నిలదీస్తున్నవాడు బీమా కంపెనీ సర్వేయరు. ఉలిక్కిపడ్డవాడు ఆ ఇంటి ఓనరు, రంగుల మేస్త్రీ. కుర్రాడు పైగదిలో అద్దెకుంటాడు. చదువు మధ్యలో వదిలేసి వచ్చినందుకు మేస్త్రీ వాణ్ణి ‘కాలేజీ’ అని పిలుస్తాడు.

ఎందుకు ఉలిక్కిపడ్డాడో వీధి మొత్తానికి తెలుసు, ఆ సర్వేయరుకి తప్ప.

సముద్రం పోటెక్కి తుపానుతో చేతులు కలిపినప్పుడల్లా ఆ వీధికి వరద రెండుసార్లు వచ్చేది. మొదటిది కాలవలోంచి, రెండోది మేస్త్రీ డబ్బాలోంచి. నీళ్ళు వాకిలి తడిపి వెనక్కి పోయాయో లేదో, ఇళ్ళవాళ్ళు చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేసేవాళ్ళు. “మేస్త్రీ, నడుం దాకా గీత లేపవయ్యా. పాలసీ ఊరికే కడుతున్నామా!” అందరూ పెద్దమనుషులే. పాలవాడు చెంచాడు నీళ్ళు కలిపితే వీధిలో పంచాయతీ పెట్టేవాళ్ళే.

మేస్త్రీ చిక్కటి టీ డికాషన్‌లో కాలవ మట్టి కలిపేవాడు. పాత స్పాంజితో గోడ చుట్టూ అద్ది, పై అంచుని బొటనవేలితో మెత్తగా చెరిపేవాడు. ఒకే ఒక్క ముదురు గీత, చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోవాలి. బీమావాళ్ళు వచ్చి, అయ్యో పాపం అనుకుని, రాసుకుని పోయేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆ ఇల్లు కొనడానికి ఎవరో వస్తున్నారంటే మళ్ళీ మేస్త్రీకే కబురు. ఈసారి గీత మాయం చెయ్యాలి. “మా గడప నీటిచుక్క ఎరగదండీ,” అని ఇంటాయన చెబుతుంటే, మేస్త్రీ నిచ్చెన మీద నిలబడి బుద్ధిమంతుడిలా బ్రష్షు కడుక్కునేవాడు.

ఈయన ఘనత అక్కడితో ఆగలేదు. జనం కొనిచ్చిన రంగులో నీళ్ళు కలిపి వాళ్ళ గోడలకి పూసి, మిగిల్చుకున్న అసలు సరుకుని తన ఇంటికి తెచ్చుకునేవాడు. ఎంత రుద్దినా చెక్కు చెదరని ఖరీదైన ఆయిల్ పెయింటు, ఏళ్ళ తరబడి, కోటు మీద కోటు. హాల్లో ఏ గోడ రంగు దానిదే.

“ఇది ఇల్లా, రంగుల షాపు బోర్డా?” అని భార్య నెత్తి కొట్టుకునేది.

“మెరుస్తోందా లేదా? అది చెప్పు!” అని మీసం దువ్వుకునేవాడు.

ఈసారి తుపాను ఆ మెరుపులోకే వచ్చి కూర్చుంది. నడుంలోతు నీళ్ళలో పిన్ని కుట్టుమిషన్ని ఒకవైపు మేస్త్రీ, ఇంకోవైపు కుర్రాడు పట్టుకుని మెట్లెక్కించారు. మేస్త్రీ భార్యని కుర్రాడు పిన్నీ అనే పిలుస్తాడు. నీళ్ళు దిగాక చూస్తే వంటగది వెనక గోడ కింద మట్టి కొట్టుకుపోయింది. గోడ బయటికి వాలింది. పగులులో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా దూరుతోంది. బీమా డబ్బు వస్తే గోడ కట్టుకుంటారు. రాకపోతే వచ్చే వానలకి ఇల్లు వదిలి పోవాల్సిందే.

తీరా చూస్తే గోడల మీద మరక లేదు. ఆయిల్ పెయింటు మరకని అంటనివ్వలేదు. నీళ్ళు దిగుతూ దిగుతూ వదిలిపోయిన సన్నటి చారలు, వెంట్రుకల్లాంటివి, వంగి పక్కనుంచి చూస్తే కనిపిస్తాయి. అంతే.

“వెనక గోడ పాతబడి పగిలింది,” సర్వేయరు తేల్చేశాడు. “నడుం దాకా నీళ్ళు నిలిస్తే హాలు ఇలా అద్దంలా ఉంటుందా? నా చెవిలో పువ్వు పెడుతున్నావా?”

“ఫోన్లో ఫోటోలున్నాయి, చూడండి సార్,” అంది పిన్ని.

“ఈ రోజుల్లో ఫోటోలో ఏనుగుని కూడా ఈత కొట్టిస్తున్నారమ్మా. అసలు గీత ఎలా ఉంటుందో నేను చూపిస్తా, రండి.” సర్వేయరు తన ఫోను తీశాడు. “మీ ఎదురింటాయన హాలు, పోయినేడు తుపానప్పటిది. ఎంత నిండుగా ఉందో చూశావా? పై అంచు ఎలా కరిగిందో చూశావా? మా ఆఫీసులో కొత్తవాళ్ళకి దీన్ని చూపించే నేర్పిస్తున్నాం. వారం తిరక్కుండా డబ్బిచ్చేశాం పాపం ఆయనకి.”

కుర్రాడు పొంగుకొచ్చిన నవ్వుని మోకాళ్ళలో దాచుకున్నాడు. ఆ పాపం పెద్దాయన ఆ వరద రోజంతా పొడి వరండాలో కుర్చీ వేసుకుని, పక్క వీధిలో మునుగుతున్నవాళ్ళకి సలహాలిచ్చాడు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఫోను మీదికి వంగి తన బొటనవేలి పనితనాన్ని కన్నార్పకుండా చూశాడు.

“ఎల్లుండి మా పై ఆఫీసరు వస్తారు,” అంటూ సర్వేయరు బూట్లు తొడుక్కున్నాడు. “ఆయన కంటికి గీత ఆనితే సరి. లేకపోతే ఫైలు మూసేయడమే.”

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో పిన్ని అందుకుంది. “నోట్లో ఏం పెట్టుకున్నావు? ఆ ఎదురింటి గీత నేను గీసిందేనని చెప్పొచ్చుగా!”

“చెబితే జైల్లో వేస్తారే!”

“వెయ్యనీ. అక్కడ గోడలన్నా గట్టిగా ఉంటాయి.”

మేస్త్రీ వంటగదిలోకి పోయి, వాలిన గోడ పక్కనే పొయ్యి వెలిగించి డికాషన్ కాచాడు. వాకిట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి కలిపాడు. స్పాంజి ముంచి హాలు గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. డికాషన్ చల్లారింది. స్పాంజిలోంచి చుక్కలు కారి గచ్చు మీద మడుగు కట్టాయి. స్పాంజి గోడని తాకనే లేదు.

కుర్రాడు మెట్లు దిగి గుమ్మంలో నిలబడ్డాడు. “ఏం బాబాయ్, సొంతింటికి కూలి గిట్టట్లేదా?”

“చెయ్యి రావట్లేదురా.”

“వీధిలో అన్ని గోడలకీ వచ్చిన చెయ్యేగా!”

“వాళ్ళిళ్ళలోకి నీళ్ళు రాలేదురా,” అన్నాడు మేస్త్రీ.

కుర్రాడి నోట్లో ఇంకో ఎగతాళి సిద్ధంగా ఉంది. ఇంతలో వంటగదిలో పిన్ని గిన్నెలన్నీ వెనక గోడ దగ్గర్నుంచి ఇవతలికి జరుపుతున్న చప్పుడు వినిపించింది.

మేస్త్రీ స్పాంజిని వాడి చేతిలో పెట్టాడు. పక్కనున్న గరుకు కాగితం కూడా తీసి ఇచ్చి, తను గోడకి వీపు తిప్పి కూర్చున్నాడు.

“నువ్వు గియ్యరా కాలేజీ. ముందు ఆ మెరుపంతా రుద్దెయ్. నడుం దాకానే గియ్యి, ఎక్కడిదాకా వచ్చాయో నువ్వూ చూశావుగా. అంతకి మించి వేలెడు కూడా లేపకు.”