అత్తయ్య పాకానికి నా చెవులు

మొన్న మా కోడలు వంటింట్లో పొయ్యి ముందు ఓ కడ్డీ పట్టుకుని నిలబడింది. మనవరాలి డబ్బాలో బిస్కెట్లు, చాక్లెట్లు పెట్టి పంపవద్దని స్కూలు వాళ్ళు కాగితం పంపారట. అందుకని ఓట్సు, ఖర్జూరాలు, గుమ్మడి గింజలు, బెల్లం కలిపి ఇంట్లోనే బార్లు చేస్తోంది. ఆ కడ్డీని పాకంలో ముంచితే వేడి ఎంతుందో అంకెల్లో చూపిస్తుందట. "ఈ గీత దాటితే దించెయ్యడమేనండీ అత్తయ్యగారూ, ఇంక చూసుకోనక్కర్లేదు" అంది. సరేనన్నాను గాని, నా చెవులు మాత్రం అలవాటు మానుకోలేక పళ్ళెం చప్పుడు కోసం కాచుకుని కూర్చున్నాయి. నా చిన్నప్పుడు పాకానికి అంకెల్లేవు, చప్పుడే ఉండేది. మా ఇంట్లో ఆ చప్పుడు వినే ఉద్యోగం నాది. తొమ్మిదేళ్ళకే అంత పెద్ద ఉద్యోగం వచ్చిందని నేను కొంచెం మిడిసిపడ్డాను కూడా.

అది డెబ్బైల్లో మాట. విజయవాడ వన్ టౌన్‌లో మిరపకాయల గోడౌను పక్క సందులో, మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. ఎండాకాలం ఆ ఘాటుకి కుటుంబ ప్రార్థన మధ్యలో కూడా తుమ్ములొచ్చేవి. ఆమెన్ అనడానికి ఒకళ్ళ కోసం ఒకళ్ళం ఆగేవాళ్ళం. అమ్మ, నాన్న, నేను, నాన్నకి అక్క అయిన మా అత్తయ్య. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "నాకు నలభైమంది పిల్లలున్నారండీ, ఇంకా చాలదా" అనేది. కాలవ అవతల మిషన్ స్కూల్లో రెండో తరగతి టీచరు లెండి. ఓ సోమవారం పొద్దున ప్రార్థనలో నిలబడ్డ పిల్ల ఒకతె కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దున ఏం తిన్నావే అని అడిగితే "టీ తాగానండీ" అందట. ఆ రోజు అత్తయ్య ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ శనివారం నుంచి మా ఇంట్లో, సోమవారం డబ్బాలో ఆ పిల్లలకి పట్టుకెళ్ళడానికి, బెల్లం పాకంతో అచ్చులు చేయడం మొదలైంది.

అచ్చులంటే బజార్లో దొరికే గాజు పలకల్లాంటివి కావు. అత్తయ్యవి నల్లగా, మందంగా, చూడ్డానికి ఏమంత ముచ్చటగా ఉండేవి కావు. దోరగా వేయించిన నువ్వులు, పొట్టు తీసిన వేరుశెనగ గుళ్ళు, పుట్నాలపప్పు, కమ్మటి వాసన వచ్చేదాకా వేపిన రాగిపిండి. రాగిపిండి ఎందుకు వదినా, రంగు చెడిపోతుంది అని అమ్మ అంటే, "రంగు పిల్లల మొహాల్లోకి రావాలమ్మా, అచ్చుకెందుకు" అనేది. ఆదివారం అన్నం, కూర తప్ప పొయ్యి మీద మరేదీ పెట్టకూడదని ఆవిడ నియమం. అందుకే అంతా శనివారం మధ్యాహ్నమే. బొగ్గుల కుంపటి మీద ఇత్తడి మూకుడు, అందులో బెల్లం కరిగి, నురగ కట్టి, మెల్లగా ఎర్రబడేది. కిటికీలోంచి వాలిన ఎండలో ఆ ఆవిరి బంగారు రంగులో తేలుతుంటే నాకు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా బెల్లం కాగుతుంటే ఆ ఎండలోకి వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాను.

పాకం ముదిరిందో లేదో చూడ్డానికి చుక్క తీసి నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళెంలోకి విసరాలి. టంగుమంటే దించాలి. థప్పుమంటే ఇంకా కాగాలి. మొదట్లో అత్తయ్య తనే విసిరి తనే వినేది. ఆ తర్వాత, "నాకు చెయ్యి ఖాళీ లేదు గాని, నువ్వు విని చెప్పవే" అనడం మొదలుపెట్టింది. విసిరేది ఆవిడే, వినేది నేను. పళ్ళెం వైపు చూడకుండా నా మొహం వైపు ఎందుకు చూస్తుందో నాకు చాలాకాలం తట్టలేదు.

తట్టింది ఒక సాయంత్రం బజారులో. వెనక నుంచి బస్తాల తోపుడుబండి వస్తోంది. బండివాడు పక్కకి, పక్కకి అని గొంతు చించుకుంటున్నాడు. అత్తయ్య మాత్రం తాపీగా రోడ్డు మధ్యన నడుస్తోంది. నేను చెయ్యి పట్టి లాగకపోతే ఏమయ్యేదో. ఓ కొట్టు అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆయాసపడింది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఎవరికీ చెప్పకు. మీ నాన్నకి కూడా. స్కూల్లో తెలిసిందంటే పిల్లల్ని నా చేతుల్లోంచి తీసేస్తారే" అంది. అంత పెద్దమనిషి నన్ను బతిమాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ క్లాసు పిల్లలు ఊరంతా వినపడేట్టు పద్యాలు ఎందుకు అప్పజెబుతారో కూడా ఆ రోజే అర్థమైంది. గట్టిగా, ఇంకా గట్టిగా అని వెంటపడి చెప్పించేది. నోట్లో నాలుక లేని పిల్లలు కూడా ఆవిడ చేతిలో పడ్డాక అరిచి మాట్లాడేవాళ్ళు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెబుతున్నాను. ఒక శనివారం మా బాబాయి నన్ను కృష్ణ ఒడ్డున ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తానని రిక్షా తెచ్చి కింద నిలబెట్టాడు. "వస్తున్నావా, పొమ్మంటావా" అని అరుస్తున్నాడు. పాకం నా తొందరతో తనకేం పనిలేనట్టు నింపాదిగా ఉడుకుతోంది. అత్తయ్య ఉండ విసిరింది. థప్పుమంది. నా మొహంలోకి చూసింది. "మోగింది అత్తయ్యా" అన్నాను. గబగబా మెట్లు దిగి రిక్షా ఎక్కాను. ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ఎక్కాను, పీచు మిఠాయి తిన్నాను. ఏదీ రుచించలేదు.

ఇంటికొచ్చేసరికి పీట మీద అచ్చు గడ్డకట్టలేదు. కత్తి పెడితే కత్తితో పాటే సాగుతోంది. "చప్పుడు రాకుండా ఎలా దించేశారు వదినా" అంది అమ్మ. నేను తలుపు చాటున నిలబడ్డాను. నా పేరు చెప్తే చాలు, అత్తయ్య మీద మాట రాదు. కానీ చిన్నపిల్ల చెవుల మీద ఎందుకు ఆధారపడ్డావని అడుగుతారు కదా. "పరధ్యానంలో ఉన్నానమ్మా" అంది అత్తయ్య, చెయ్యి కడుక్కుంటూ.

మర్నాడు చర్చి నుంచి రాగానే ఆవిడ కుంపటి రాజేసింది. అమ్మ నోరు తెరిచేలోపే, "నేను ప్రార్థనలో చెప్పుకున్నాలే. రేపు డబ్బా ఖాళీగా తీసుకెళ్ళలేను" అంది. సాగిపోయిన ముద్దంతా మూకుడులో వేసి, ఎప్పటిలాగే నన్ను పిలిచింది. నేను వెళ్ళి పక్కన కూలబడి, "నిన్న మోగలేదు అత్తయ్యా" అని ఒక్కసారిగా ఏడ్చేశాను.

"తెలుసు. నీ మొహం చూశాగా."

"మరి ఎందుకు దించావు?"

"కాదనడానికి నాకు చెవులేవే?"

కోపంగా అనలేదు. బెల్లం కలుపుతూ, వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. తర్వాత ఉండ విసిరింది. నిన్నటి పాపం ఎక్కడ అంటుకుంటుందోనని, ఎంత మోగినా "ఇంకా లేదు, ఇంకా లేదు" అంటూనే ఉన్నాను. చివరికి పాకం మాడువాసన కొట్టింది. అత్తయ్య ఓ ముక్క నోట్లో వేసుకుని, "నిన్న నీకు తొందర, ఇవాళ భయం. నీతో వేగడం కష్టమే" అని నవ్వింది. కాస్త చేదుగా ఉన్నా పిల్లలు ఒక్క ముక్క మిగల్చలేదట.

ఆ సోమవారం సాయంత్రమే ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలోకి వెళ్ళి, తన చెవుల సంగతి తానే చెప్పేసింది. ఎందుకు చెప్పావని నాన్న మండిపడితే, "పసిపిల్లతో కాపలా కాయించుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతానురా" అంది. హెడ్‌మిస్ట్రెస్ గారు చెడ్డమనిషేం కాదు. ఆ ఏడు పూర్తి చెయ్యమని, జూన్ నుంచి కుట్టుపని క్లాసుకి మారమని చెప్పారు. కుట్టుపనికి చెవులతో పనిలేదు. నలభైమంది పిల్లల అరుపులతోనూ పనిలేదు. ఆ జూన్‌లో మొదటిరోజు అత్తయ్య గంజి పెట్టిన చీర కట్టుకుని, కత్తెర సంచిలో వేసుకుని, మెట్లు దిగి వెళ్ళింది. ఆ వీపు చూసి నేను ఏడ్చినంతగా, తర్వాత ఆవిడ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

అచ్చులు మాత్రం మానలేదు. రెండో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చినా డబ్బా వెళ్తూనే ఉండేది. అత్తయ్యకి చివరికి ఏమీ వినపడకుండా పోయాక కూడా ఉండ విసిరి నా మొహంలోకి చూసేది, నేను తలూపితే దించేది. ఒక్కసారి కూడా, నిజమేనా అని మళ్ళీ అడగలేదు. అప్పటి ఆవిడ వయసు దాటి నాకిప్పుడు చాలా ఏళ్ళయింది. ఆ శనివారం నేను నిజం చెప్పి ఉంటే ఆ పిల్లలు ఆవిడకి ఇంకొన్నాళ్ళు మిగిలేవాళ్ళా అని కాలాన్ని అడుగుతూనే ఉంటాను. అదీ అత్తయ్యలాగే నా మొహంలోకే చూస్తుంది.