సాయిలు నడుము నొప్పి నాటకం కాదు

సాయిలు నడుము నొప్పిని నాటకం అన్నవాళ్ల మీద నాకు ఏండ్ల నుంచి కోపం.
బయటివాళ్లు కాదు. ఈ పోస్ట్ చదివేవాళ్లే.

నిన్న పొద్దున సాయిలు భార్య లచ్చవ్వ ఫోన్ చేసింది. "అన్నా, నీ దోస్తు సాయిలు పోయిండు."
ఏ సాయిలు అని అడిగాను.
నాకున్నది ఒక్క సాయిలే.

ఎల్లారెడ్డిలో బోరు మోటార్లు లేపే మనిషి. ఇనుప పైపులు ఎత్తీ ఎత్తీ డిస్క్ జారింది. కామారెడ్డిలో ఆపరేషన్ చేశారు. కుట్లు మానాయి, నొప్పి మానలేదు.
డాక్టర్ "సక్సెస్" అన్నాడు. అంతే, మీరంతా డాక్టర్ దిక్కు నిలబడ్డారు.

నేను ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ణి. అలాంటివాడు తన్నితే పట్టిన నడుము వదులుతుందని మా దగ్గర నమ్మకం. ఎంతమందిని తన్నానో! ఒక పోలీసాయన్ని కూడా తన్నాను. దండం పెట్టి పోయాడు.

సాయిలు కూడా వచ్చి మా గడప మీద బోర్లా పడుకున్నాడు.
"ఊరందర్ని తంతవ్, నేనేం పాపం చేసిన్రా?"
"పట్టిన నడుమైతే తంత. కోసిన నడుము మీద కాలు పెట్ట. లెవ్వు."
"నీ కాళ్లకు గూడ నక్రాలెక్కినయ్‌రా!"
అప్పటి నుంచి అలిగాడు.

పోయిన ఎండాకాలం కామారెడ్డిలో ఇంకొకడి దగ్గరికి పోయాడు. ఎముకలు సరిచేస్తానని బోర్డు పెట్టుకున్నవాడు. నొప్పి కోసమే కాదు, మీ నోళ్లు మూయించడానికి పోయాడు.

లచ్చవ్వ ఎమ్మారై ఫిల్మ్ ఇస్తే వాడు కవర్ కూడా విప్పలేదట. చొక్కా లేపితే జానెడు కుట్టు!
"సారూ, జెర మెల్లగ, ఆపరేషనైంది" అని సాయిలు అంటూనే ఉన్నాడట.
మోకాలితో అదిమి మెలితిప్పాడు. టక్‌మన్నది.
"అయిపోయింది. ఇగ ఉరుకు పో" అన్నాడట.

బస్సు ఎల్లారెడ్డికి వచ్చేసరికి కాళ్లు లేవలేదు. లచ్చవ్వ ఫోన్ చేస్తే బస్టాండుకు ఉరికాను. కండక్టరూ నేనూ ఎత్తి దింపాము.
నరాలు నలిగాయన్నారు పెద్దాసుపత్రిలో. మంచం పట్టాడు. వీపంతా పుండ్లు. ఆ పుండ్ల చీము రక్తంలోకి పోయి మనిషిని తీసుకుపోయింది.

నడుము సరిచేసేవాళ్లందరినీ అనడం లేదు. ఫిల్మ్ చూసి, అడిగి, ఎక్కడ చేయి పెట్టొద్దో తెలిసి చేసేవాళ్లూ ఉంటారు. నా కోపం వీడి మీద.

లచ్చవ్వ పోయి అడిగితే ఏమన్నాడో తెలుసా?
"మీ ఆయనకు ముందే కాళ్లు పడిపోయినయ్. నా మీదికెందుకొస్తున్నవమ్మా?"

అబద్ధం.
ఆ పొద్దున మా ఇంటి ముందు నుంచే బస్టాండుకు నడిచిపోయాడు. నన్ను చూసి మొఖం తిప్పుకుని మరీ పోయాడు. నా కండ్లతో చూశాను.

సాయిలూ, నిమ్మళంగా పడుకోరా. ఇక నీ ఒంటి మీద ఎవడూ చేయి వేయడు. పోయిన చోటన్నా నీకు సుఖం దొరకాలె.

ఓ బోర్డు పెట్టుకున్నోడా! వచ్చే ఆదివారం పొద్దుగూకేలోపు ఎల్లారెడ్డికి రా. లచ్చవ్వ ఎదురుగా నిలబడి చెప్పు.
నా దోస్తు నీ గదిలోకి తన కాళ్ల మీద వచ్చాడా, లేదా?