గాలానికి కట్టిన గంట

వేంపల్లె బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. కిటికీ వైపు ఆమె భర్త, గాలం కట్టెలు పట్టుకునే నిద్రపోతున్నాడు. చేప గాలాన్ని లాగితే మోగే అలారాల కోసం నేను ఫోన్‌లో వెతుకుతున్నాను. మా కుంట చిన్నది. గట్టిగా మోగేది పెడితే పక్కనున్న గొర్రెల మంద కుక్కలన్నీ లేస్తాయి.

ఆమె తొంగిచూసింది. "మాకు చిన్న గంట ఉండాదప్పా. ఆయప్పకు చెవుడు. తెల్లార్లూ పక్కనే కూర్చోనుంటా. గంట కదిల్తే మోకాలు తడతా."

శబ్దం లేకుండా జేబులో వణికే అలారం ఒకటి ఆమెకు చూపించాను. ఇదుంటే మీరు మేలుకోనక్కర్లేదన్నాను.

ఆమె గబుక్కున ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "దాపెట్టప్పా! ఆయప్ప లేచి చూస్తే ఇంగ నన్నెందుకు పిల్చుకపోతాడు? ఇంటినిండా జనం. మేమిద్దరమే కూర్చునేది ఆ కుంటకాడనే."

వాళ్లు దిగాల్సిన చోటు వచ్చింది. ఆమె ఆయన మోకాలు తట్టింది. కళ్లు ఇంకా తెరవకముందే ఆయన చెయ్యి గాలం కట్టెను పైకి లాగింది.

నేను ఆ వణికే అలారమే కొన్నాను. బాగానే పనిచేస్తుంది. జేబులో అది వణికినప్పుడల్లా మాత్రం నా మోకాలి వంక చూసుకుంటాను.